రోజుకి జానెడు గోడ

మూడు రోజులు ఉందామని వచ్చాను, అంతే. వీపు మీద పద్నాలుగు కిలోల సంచి, కాళ్ళ నిండా పొక్కులు, ఏడాదిగా ఊళ్ళు పట్టి తిరిగిన ఒళ్ళు. బస్సులో పక్కన కూర్చున్నావిడ చెప్పింది, కొండ దిగువన ఓ పాతికమంది కలిసి బతుకుతున్నారని. ఎండతో కరెంటు తీసుకుంటారట, ఇళ్ళు మట్టితో కట్టుకుంటారట, పని చేస్తే తిండి పెడతారట. తిండి అన్న మాట దగ్గరే నేను దిగాల్సిన స్టాపు ఖాయమైపోయింది.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, కాళ్ళు గుమ్మం బయట ఉంటాయి. ఎక్కడ ఏది బెడిసినా సంచి సర్దేస్తాను. రెండు ఉద్యోగాలు, సగం చదివిన ఓ కోర్సు, దాదాపు కుదిరిన ఓ పెళ్ళి, అన్నీ అలా వదిలేసినవే. మా అక్క ఫోన్ ఎత్తగానే హలో అనదు, "ఇప్పుడెక్కడ తగలడ్డావే?" అంటుంది.

వచ్చిన మొదటి రోజే మరుగుదొడ్ల పని పడింది. ఇక్కడ నీళ్ళు పోయరు, డబ్బాలో రంపంపొట్టు చల్లుతారు. డబ్బా నిండితే మోసుకెళ్ళి గుంతలో వేయాలి. ఆర్నెల్లకి అదే తోటకి ఎరువు. నేను ముక్కుకి గుడ్డ కట్టుకుని, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టుకుంటూ డబ్బా మోస్తుంటే, చెట్టు కింద కూర్చుని విత్తనాలు ఏరుకుంటున్న పెద్దాయన ఒకాయన పగలబడి నవ్వాడు. "తిట్లు కూడా గుంతలోనే వెయ్యమ్మా, బాగా కుళ్ళుతాయి!" అన్నాడు. ఆయనే డ్రైవర్ బాబాయ్. నలభై ఏళ్ళు లారీ తోలి, ఎడమ మోకాలు అరగదీసుకుని, పదేళ్ళ కిందట ఇక్కడ చేరాడు. నా సంచి చూసి నాకు 'మూట' అని పేరు పెట్టింది కూడా ఆయనే. సాయంత్రానికి అందరూ అదే పిలవడం మొదలెట్టారు. నా అసలు పేరు అడిగే తీరిక ఎవరికీ లేదు.

మూడు రోజుల దాన్ని నలభై రోజులు ఉండిపోవడానికి కారణం ఆ బాబాయే.

ఆయన విత్తనాల గది మీద అటకలో ఉండేవాడు. అటకకి పదకొండు మెట్ల చెక్క నిచ్చెన. కుడికాలు ఓ మెట్టు మీద పెట్టి, ఎడమకాలు చేత్తో లాక్కుని, మళ్ళీ కుడికాలు. పైకి ఎక్కడానికి పావుగంట. చూస్తే నా మోకాలు నొప్పెట్టేది. అందుకని కింద, నేల మీద, ఆయనకో గది కడుతున్నారు. నేను వచ్చేసరికి గోడలు రెండు జానల ఎత్తు లేచాయి.

దానికో గడువుంది. బాబాయ్‌కి ఒక చెల్లెలు. పట్నంలో బడికి హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. నాలుగో అంతస్తులో ఇల్లు, లిఫ్టు ఉంది. ఆవిడ పోయినసారి వచ్చినప్పుడు అన్నగారు నిచ్చెన ఎక్కడం కళ్ళారా చూసి, అక్కడికక్కడే తీర్పు చెప్పింది: వచ్చే నెలాఖరుకి నిచ్చెన లేని గది, పైకప్పుతో సహా ఉంటే సరే, లేకపోతే నోరెత్తకుండా కారెక్కాలి. బాబాయ్ ఒప్పుకున్నాడు. "చిన్నప్పుడు నా వేలు పట్టుకుని బడికెళ్ళిన పిల్లే. ఇప్పుడు నన్నే బెంచీ ఎక్కిస్తోంది" అని నవ్వేవాడు గానీ, ఆ నవ్వు కళ్ళ దాకా వచ్చేది కాదు. ఒకరోజు విత్తనాలు ఏరుతూ తల ఎత్తకుండానే అన్నాడు: "అక్కడ నాకు ఏం లోటుండదు మూటా. పనే ఉండదు. పని లేకపోతే నేను రెండేళ్ళు కూడా బతకను, నాకు తెలుసు."

ఆ మాట విన్నాక మూడు రోజులకి నేను ఎలా పోతాను?

గోడల పని మట్టక్కది. పొట్టిగా, ఎండకి కందిపోయి, మాటకి మాట అంటించే మనిషి. మన్ను, ఇసుక, తరిగిన ఎండుగడ్డి, నీళ్ళు కలిపి కాళ్ళతో తొక్కాలి. గడ్డి కనపడకుండా కలిసేదాకా తొక్కాలి. తర్వాత ముద్దలు చేసి, గోడ మీద వరసగా పేర్చి, పిడికిలితో కుక్కి, పక్కలు పారతో చెక్కాలి. ఒక వరస అంటే జానెడు ఎత్తు. పొద్దున్నే మట్టక్క నిన్నటి వరస మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కేది. వేలు దిగితే ఆ రోజు గోడ పని లేదు, వెళ్ళి మన్ను తవ్వుకోవడమే. దిగకపోతే ఇంకో జానెడు. అంతే. ఎంత మంది ఉన్నా, ఎంత తొందరున్నా, రోజుకి జానెడు దాటనిచ్చేది కాదు.

"ఇలాగైతే మనవలు పుట్టేసరికి గది అవుతుంది" అన్నాను ఒకసారి.

"నీకు పెళ్ళే కాలేదు, మనవలెక్కడినుంచి వస్తారే? తొక్కు" అంది.

తొక్కాను. పద్దెనిమిది రోజులు తొక్కాను. వేలు దిగిన రోజులే ఎక్కువ కాబట్టి గోడలు ఏడు జానలకే వచ్చాయి, నా పిక్కలు రాయిలా అయ్యాయి. ఆ పద్దెనిమిదో రోజునే మట్టక్కకి పన్ను వాచి దవడ గుమ్మడికాయంత అయింది. పీకించుకోవడానికి పట్నం వెళుతూ, చేత్తో జానెడు కొలత చూపించి, వేలితో నన్ను బెదిరించి మరీ బస్సెక్కింది.

మర్నాడు పొద్దున నిచ్చెన దిగుతూ బాబాయ్ మెట్టు తప్పాడు. రెండు చేతులతో పైమెట్టు పట్టుకుని గాల్లో వేలాడిపోయాడు. గదికి కిటికీ, కప్పు పని చూస్తున్న వడ్రంగి అన్న పరుగెత్తి కింద భుజం పెట్టి దింపాడు. ఆయనకేం కాలేదు గానీ నాకు గుండె ఆగినంత పనైంది. ఆ తర్వాత భయం పోయి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు. నిచ్చెన మీద, మోకాలి మీద, ఆ చెల్లెలి మీద, అన్నిటికన్నా ఎక్కువ ఆ దిక్కుమాలిన జానెడు మీద. ఏం, ఇంకో మూడు వరసలేగా కావాల్సింది! మన్ను కలిపి ఉంది, చేతులున్నాయి, మట్టక్క లేదు.

ఒక్క రోజులో పొడుగు గోడ మీద మూడు వరసలు పెట్టేశాను. వడ్రంగి అన్న రెండుసార్లు వచ్చి "మూటా, ఆరిందా అది?" అని అడిగాడు. "నేను చూసుకుంటాలే" అన్నాను. వినే స్థితిలో ఉంటే కదా! అది చాలక, సాయంత్రం మబ్బు పట్టిందని పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, గాలికి ఎగరకుండా చుట్టూ రాళ్ళు కూడా పెట్టాను. తడి మట్టికి ఊపిరాడకుండా చేసి, జాగ్రత్తపడ్డాననుకున్నాను. ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపోయానో చెప్తే సిగ్గేస్తుంది.

పొద్దున టీ గ్లాసు పట్టుకుని చూద్దును కదా, గోడకి నడుం దగ్గర పొట్ట వచ్చింది. నేను చూస్తుండగానే ఆ పొట్ట ఇంకొంచెం ముందుకొచ్చింది. గ్లాసు పారేసి పరుగెత్తి రెండు చేతులూ గోడకి ఆనించాను. గోడని చేతులతో ఆపుతుందట మహాతల్లి! చేతులు చాలక వీపు ఆనించాను. వీపు వెనక అది మెత్తగా కదలడం తెలుస్తోంది. వడ్రంగి అన్న చెయ్యి పట్టి విసురుగా ఈడ్చకపోతే ఈ కథ చెప్పడానికి నేనుండేదాన్ని కాదు. ధబ్బుమని మొత్తం పడింది. పదిహేను రోజులు కూర్చుని ఆయన చెక్కిన కిటికీ చట్రం దాని కింద విరిగిపోయింది. ఆయన విరిగిన కర్ర తీసి, మట్టి దులిపి, భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

నాకు తెలిసింది ఒక్కటే. వెళ్ళి సంచి సర్దుకున్నాను. అయిదు నిమిషాల పని, చేతులకి అలవాటే. బయటికొచ్చేసరికి దారికి అడ్డంగా కుర్చీ వేసుకుని బాబాయ్ కూర్చున్నాడు.

"బస్సు పదిన్నరకి" అన్నాడు.

"తెలుసు."

"వెళ్ళాక ఉత్తరం రాస్తావా, ఫోన్ చేస్తావా?"

"బాబాయ్, నన్ను ఇంకేం అనకు. నీ గది నేనే కూల్చాను. నా మొహం నీకు చూపించలేను."

"మొహం ఎవడిక్కావాలే?" అని గట్టిగా అరిచాడు. ఆయన అరవడం అప్పుడే మొదటిసారి విన్నాను. "నాకు కాళ్ళు కావాలి. కూలగొట్టినదానివి నువ్వు మూట భుజానేసుకుని పోతే, ఆ మట్టంతా ఎవరు తొక్కుతారు? నేనా, ఈ మోకాలితో?"

సంచి దించాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, కుర్చీ మడుచుకుని కుంటుకుంటూ విత్తనాల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మీటింగు. ఇక్కడ మీటింగంటే అందరూ గుండ్రంగా కూర్చుంటారు, ఓ గులకరాయి చేతులు మారుతుంది, రాయి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. గోడ కూలినప్పుడు ఎవరికెవరికి ఏమనిపించిందో గంటన్నర చెప్పుకున్నారు. ఒకాయనకి చిన్నతనం గుర్తొచ్చిందట. ఒకావిడ, ఆ గదికి అక్కడ ఉండటం ఇష్టం లేదేమో అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. రాయి నా దాకా రాకుండానే లేచాను.

"గదికి అంతా ఇష్టమే! కూల్చింది నేను. తడి మీద తడి పెట్టాను, పైన పట్టా కప్పాను, అన్న అడిగితే దాటేశాను. నెలాఖరుకి ఇరవై ఒక్క రోజులున్నాయి. పొడుగు గోడ కింది నుంచి పది జానలు లేపాలి. నేను లేపుతాను. సాయం వస్తే దండం పెడతాను, రాకపోతే ఒక్కదాన్నే తొక్కుతాను. కానీ ఈ లోపు నన్ను ఎవరూ మీటింగుకి పిలవొద్దు."

అంతా బిత్తరపోయారు. రాయి పట్టుకున్న కుర్రాయన రాయిని ఏం చెయ్యాలో తెలీక జేబులో పెట్టేసుకున్నాడు. పొద్దున్నే మట్టి దగ్గరికి తొమ్మిది మంది వచ్చారు.

మట్టిలో ఓ మంచి గుణముంది, మన మీద కోపం పెట్టుకోదు. పడినదాన్ని పగలగొట్టి, నీళ్ళు పోసి నానబెట్టి, మళ్ళీ తొక్కితే మళ్ళీ గోడే. మట్టక్క నోట్లో దూదితో తిరిగొచ్చింది. కూలిన చోటు చూసింది, నన్ను చూసింది. నోరు తెరిస్తే దూది పడుతుందని తిట్టలేక, చేతులూ కళ్ళూ కనుబొమలూ అన్నీ తిప్పి నన్ను కడిగేసింది. మాట వచ్చిన రోజున, "ఎక్కడిదాకా తిట్టానూ?" అని అడిగి అక్కడినుంచి అందుకుంది.

రోజుకి జానెడు. పొద్దున ఆవిడ కన్నా ముందే నేను వెళ్ళి వేలు నొక్కి చూసేదాన్ని. వేలు దిగిన రోజు ఏడుపొచ్చేది. అయినా ముద్ద పెట్టలేదు. మబ్బు పట్టిన రోజులు నాలుగు, వేలు దిగిన రోజులు మూడు. ఆ రోజుల్లో ఇసుక జల్లించాను, గడ్డి తరిగాను, మిగతా మూడు గోడలకి పైవరసలు పూర్తి చేశాను. అరికాళ్ళు పగిలి నెత్తురొచ్చింది, నూనె రాసుకుని మళ్ళీ తొక్కాను. మా అక్క ఫోన్ చేసి, "ఇప్పుడెక్కడ తగలడ్డావే?" అంటే, "అక్కడే" అన్నాను. "ఒంట్లో బాగానే ఉందా?" అంది.

వడ్రంగి అన్న కొత్త చట్రం చేశాడు. కప్పు వాసాలన్నీ కిందే కొలిచి, కోసి, గుర్తులు పెట్టి ఉంచాడు, గోడ ఆరగానే ఎక్కించడమే అని. పదో వరస పంతొమ్మిదో రోజుకి పడింది. ఇరవయ్యో రోజు ఆరింది. సాయంత్రానికి వాసాలెక్కాయి. ఇరవై ఒకటో రోజు పొద్దున పెంకులు మొదలెట్టాం. సగం కూడా కప్పకముందే తుప్పర మొదలైంది, ఆ తుప్పరలోనే గేటు దగ్గర కారు ఆగింది.

హెడ్మిస్ట్రెస్‌గారు గొడుగుతో దిగింది. సన్నగా, నిటారుగా ఉంది. గది చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. పైకి చూసింది.

"పైకప్పు లేకపోతే దాన్ని గది అనరమ్మా. ప్రహరీ అంటారు" అంది.

నేను నిచ్చెన మీద, చేతిలో రెండు పెంకులతో ఉన్నాను. "మీరు నెలాఖరు అన్నారు మేడమ్. నెలాఖరంటే ఇవాళ మొత్తం. ఇంకా పదే అయింది."

ఎగాదిగా చూసింది. బాబాయ్ తయారుగా ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెట్టె పక్కన పెట్టుకుని. ఆ ఇస్త్రీ చొక్కా చూడగానే చేతిలో పెంకులు పెట్టేసి ఇంకో రెండు అందుకున్నాను.

"అయిదింటిదాకా కూర్చుంటాను. చీకటి పడితే మా కారు డ్రైవరు ఘాట్ రోడ్డు ఎక్కనంటాడు" అని కుర్చీ వేయించుకుని, గొడుగు కింద, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చుంది.

పెంకులు కుప్ప దగ్గరి నుంచి గోడ దాకా చేతులు మారుస్తూ వచ్చాం. ఇద్దరు జ్వరంతో పడుకున్నారు, వరసలో మధ్య మధ్య ఖాళీలు. వాన పెద్దదైంది. పెంకులు జారుతున్నాయి. మూడు పగిలాయి. నాలుగోది పగిలినప్పుడు కుర్చీ చప్పుడైంది. ఆవిడ లేచి, వాచీ విప్పి చేతిసంచిలో పెట్టి, గొడుగు మడిచి అన్నగారి చేతికిచ్చి, వచ్చి ఖాళీలో నిలబడింది.

"మధ్యలో పట్టుకుంటే జారక ఏం చేస్తుంది? అంచు పట్టుకోండి. ఆఁ, అలా. నువ్వు, పొడుగాయన, మాటలాపి అందుకో!"

అందరం బడిపిల్లలమైపోయాం. మళ్ళీ ఒక్క పెంకు పగల్లేదు. నాలుగున్నరకి చివరి పెంకు వడ్రంగి అన్న చేతికిచ్చాను. ఆయన దాన్ని పెట్టి, చేత్తో తట్టి, "అయింది" అన్నాడు. పొడుగు గోడ మీద చూరునీళ్ళు అవతల పడుతున్నాయి. గోడ గోడలాగే ఉంది.

బాబాయ్ కుంటుకుంటూ వచ్చి, గుమ్మం దాటి, అంతే, లోపలికి వచ్చేశాడు. అయిదు అడుగులు. అప్పుడే తెచ్చి వేసిన మంచం మీద కూర్చుని కాలు చాపుకున్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను ఎగిరి గంతేశాను, ఈలేశాను, మట్టక్కని ఎత్తుకుని తిప్పాను. గెలిచాం! ఇరవై రోజులుగా మనసులో తిట్టుకున్న ఆ హెడ్మిస్ట్రెస్ వైపు తిరిగి ఏదో గట్టి మాట అనబోయాను.

ఆవిడ గుమ్మం దగ్గర తడిసిపోయి నిలబడి ఉంది. చేతుల మట్టి చూసుకుంటోంది.

"బాగుంది అన్నయ్యా" అంది. "నీ ఇష్టం నెగ్గింది. మరి నేను ఆ మంచం వెనక్కి ఇచ్చేస్తాను."

"ఏ మంచం?" అన్నాడు బాబాయ్.

"నీకని కొన్నాను. కిటికీ పక్కన వేయించాను, నీకు రోడ్డు కనపడాలని, లారీలు కనపడాలని." చేతుల మట్టి చెంగుకి తుడుచుకుంది. "పొద్దున రెండు గ్లాసుల టీ పెట్టి చూశాను, ఎలా ఉంటుందో అని. ఇంట్లో నేను మాట్లాడి నెలలవుతోంది అన్నయ్యా. ఒకరోజు గొంతు పోయిందేమో అని భయపడి, గట్టిగా ఎక్కాలు చదివాను."

"చిట్టీ, ఈ మాట నాతో చెప్పలేదేమే?"

"చెప్తే జాలిపడి వస్తావు. నాకొద్దు ఆ జాలి."

బాబాయ్ మంచం మీద నుంచి లేవబోయాడు. ఆ గది ఆయనకి కట్టాననుకున్నాను. ఈవిడకి అడ్డంగా గోడ కట్టానని నాకేం తెలుసు? తల కొట్టేసినట్టయింది. ఇదివరకటి నేనైతే ఇలాంటి చోట ఒక్క క్షణం కూడా ఉండను. కానీ ఆ రోజు నా కాళ్ళు కదల్లేదు.

"మేడమ్, ఒక్క నిమిషం ఇలా రండి" అని చెయ్యి పట్టుకుని పొడుగు గోడ అవతలికి తీసుకెళ్ళాను. అందరూ మా వెనకే వచ్చారు. "ఈ గోడకి ఇటువైపు ఖాళీగానే ఉంది. ఇంకో మూడు గోడలు కడితే ఇటు కూడా గదే. మీరు ఇటు తడితే ఆయన అటు వింటారు."

"నేను అడిగానా?" అంది కరుగ్గా.

"అడగలేదు. మీరు అడిగే మనిషి కాదని ఇప్పుడే తెలిసింది. వానలు తగ్గగానే మొదలుపెడతాం. రోజుకి జానెడు. ఈలోగా నెలకోసారి వచ్చి మా తప్పులు పట్టండి."

ఆవిడ నన్ను పైనుంచి కిందదాకా చూసింది. "మొదలుపెట్టేవాళ్ళని నా సర్వీసులో చాలామందిని చూశాను. అప్పటిదాకా నువ్వుంటావా? మీరంతా సంచి తగిలించుకుని పోయే రకం కదా."

"నిన్నటిదాకా ఆ రకమే. ఇప్పుడు ఉంటాను" అన్నాను. "మీ గది కప్పు పడేదాకా ఈ గేటు దాటను. దాటితే నన్ను ఏ పేరు పెట్టి పిలిచినా పలుకుతాను."

మట్టక్క అప్పటికే వానలోనే అడుగులేసి కొలుస్తోంది. బాబాయ్ గుమ్మం పట్టుకుని నిలబడి చెల్లెలి వైపే చూస్తున్నాడు. ఆవిడ గోడ మీద ఓ చెయ్యి ఆనించింది, తీసింది. కారు దగ్గరికి నాలుగడుగులు వేసి ఆగింది.

"కిటికీ మాత్రం రోడ్డు వైపు పెట్టకండి" అంది, వెనక్కి తిరక్కుండానే. "లారీల చప్పుడుకి నాకు నిద్ర పట్టదు."